వినే గదిలో ఇచ్చిన మాట

మా స్కూల్లో ఒక గది ఉంది. తలుపు మీద ఇంగ్లీషులో ఉన్న పేరును తెలుగులో చెప్పాలంటే "వినే గది" అనాలి. రెండు మెత్తటి కుర్చీలు, లేత ఆకుపచ్చ పరదాలు, టీపాయ్ మీద టిష్యూల డబ్బా. పిల్లలు వచ్చి బాధ చెప్పుకుంటే వినడానికి ఒక మనిషి కూడా ఉంటుంది. ఆ మనిషిని నేనే. అక్కడ నేను ఒక పిల్లకు మాటిచ్చి రెండు రోజుల్లో తప్పాను. ఆ సంగతి ఆ పిల్లకు తప్ప ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పైగా దానికి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ చప్పట్లే ఇప్పుడు నా చేత ఇది రాయిస్తున్నాయి.

స్కూలు హనుమకొండ దాటాక ఉంటుంది. బ్రిటిష్ సిలబస్. ఊరంతా ఆరో తరగతి అనేదాన్ని మేం ఇయర్ సెవెన్ అంటాం. మార్చి ఎండలో కూడా పిల్లలు టై కట్టుకుని చెమటలు కక్కుతుంటారు. మా ప్రిన్సిపాల్ మేడమ్ చాలా ఏళ్లు గల్ఫ్‌లో బ్రిటిష్ స్కూళ్లలో పనిచేసి వచ్చింది. పిల్లల చదువు సగం, మనసు సగం అనేది ఆవిడ నమ్మకం. మంచి నమ్మకమే. నేను అంతకుముందు పదిహేనేళ్లు పనిచేసిన చోట మనసు ప్రస్తావనే లేదు. అక్కడ నాకు తెలిసిన వైద్యం చెక్క స్కేలు ఒక్కటే. "చెయ్యి చాపు" అంటే పిల్లలు చాపేవాళ్లు, నేను కొట్టేదాన్ని. నాకు కోపం ఎక్కువ. మా ఇంటి ఆడవాళ్లందరికీ ఎక్కువే, దాన్ని మేం ముక్కుసూటితనం అని పిలుచుకుంటాం.

ఈ స్కూలుకు వచ్చాక స్కేలు పోయింది. ఆరు శనివారాలు ఇంగ్లండ్ నుంచి ఒకావిడ కంప్యూటర్ తెర మీద కూర్చుని మాకు వినడం ఎలాగో నేర్పింది. పిల్ల మాట్లాడేటప్పుడు మధ్యలో దూరకూడదు. సలహాలు ఇవ్వకూడదు. పిల్లకు ప్రమాదం ఉంటే తప్ప విన్నది గది దాటకూడదు. ఈ చివరిది విని నేను లోపల నవ్వుకున్నాను. మా అమ్మ ఊళ్లో సగం మందిని చూపించి "దాని నోట్లో నువ్వుగింజ నానదు" అనేది. నా నోట్లో నానుతుందని నాకు గట్టి ధీమా. శిక్షణ అయిపోయాక ఇచ్చిన సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టించి, సుబేదారిలోని మా ఇంటి హాల్లో, వచ్చినవాళ్లకు ఎదురుగా కనబడేటట్టు పెట్టుకున్నాను.

ప్రతి క్లాసులో ఒక బోర్డు ఉంటుంది. దాని మీద మూడు బొమ్మలు, ఎండ, మబ్బు, వాన. పొద్దున రాగానే పిల్లలు తమ పేరు రాసిన అట్టముక్కను ఏదో ఒక బొమ్మ కింద తగిలించాలి. ఎండ అంటే సంతోషం, వాన అంటే బాధ. ఇంగ్లండ్ నుంచి ఈ బొమ్మలు పంపినవాళ్లు వరంగల్ మే నెలను ఎన్నడూ చూసి ఉండరు. మొదటి ఏడాది వర్ధన్నపేట వైపు నుంచి వచ్చే ఒక పిల్లవాడు జులైలో తన పేరును వాన కింద పెట్టి పళ్లికిలించుకుంటూ కూర్చున్నాడు. ఏమైందిరా అంటే, "రాత్రి మాకు వాన పడ్డది మిస్, మా తాత ఫుల్ ఖుష్" అన్నాడు. వాడికి వాన అంటే బాధ అని నేర్పడానికి నాకు వారం పట్టింది.

నేర్పాక కూడా బోర్డు మీద ఎప్పుడూ ఎండే కాసేది. వాన కింద పెడితే నేను పిలిచి అడుగుతాను, ఆటల పీరియడ్ పోతుంది. అదీగాక మా ఇళ్లలో "ఎట్లున్నవ్" అని అడిగితే "మంచిగున్న" అనే ఒక్క జవాబే ఉంటుంది. దవాఖానలో గ్లూకోజ్ ఎక్కుతున్న మనిషిని అడిగినా అదే చెప్తాడు. అలాంటి చోట ఒక పిల్ల నాలుగు రోజులు వరసగా తన పేరును వాన కింద పెట్టింది.

ఇయర్ సెవెన్ పిల్ల, పదకొండేళ్లు. నవ్వితే చేత్తో నోరు మూసుకునేది. పెన్సిళ్లను పొడవు ప్రకారం పేర్చుకుంటే తప్ప రాయడం మొదలుపెట్టేది కాదు. వాళ్ల నాన్నకు ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి ఉంది. రైతులు తెచ్చిన బస్తాలను దింపించి, అమ్మించి పెట్టే వ్యాపారం. మిర్చి సీజన్‌లో ఆ మార్కెట్ గేటు ముందు నుంచి పోయినా కళ్ల వెంట నీళ్లు కారతాయి. ఇక రోజంతా అందులో తిరిగే మనిషి సంగతి చెప్పనక్కర్లేదు.

ఆ గురువారం పిల్లను వినే గదికి పిలిచాను. కుర్చీ అంచున కూర్చుంది. శిక్షణలో చెప్పినట్టే నేను మౌనంగా ఉన్నాను. మౌనంగా ఉండడం నాకు ఎంత కష్టమో దేవుడికి తెలుసు. చాలాసేపటికి నోరు తెరిచింది.

"మిస్, శనివారం డాడీని రావద్దని చెప్తరా?"

శనివారం పిల్లలు తమ పనిని తల్లిదండ్రులకు చూపించే రోజు. టీచర్లు పక్కన నిలబడతారు, పిల్లలే అంతా వివరిస్తారు.

"అమ్మను మాత్రమే పంపించమని లెటర్ రాయండ్రి మిస్. అందరికి అట్లనే రాసినమని చెప్పుండ్రి" అంది.

ఎందుకని అడిగాను. ఏడుస్తూ చెప్పింది. జనవరిలో ఒక రోజు టిఫిన్ డబ్బా మరిచిపోతే వాళ్ల నాన్న మార్కెట్ నుంచి నేరుగా వచ్చి, మెట్లెక్కి క్లాసు గుమ్మం దాకా తెచ్చిచ్చాడు. ఆయన బట్టల మీది ఘాటుకు క్లాసంతా తుమ్మింది. తర్వాతి రోజు నుంచి ఈ పిల్ల క్లాసులోకి వస్తే చాలు, నలుగురైదుగురు కావాలని తుమ్మడం మొదలుపెట్టారు. బస్సులో, లైనులో, అన్నం దగ్గర అదే. పిల్ల రోజూ బ్యాగును షాంపూతో కడుక్కుంటోంది.

"డాడీ ఇంటికొస్తే నేను బాత్రూంలకు పోత మిస్" అంది. "రాంగనే నన్ను పట్టుకుంటడు కదా. మళ్ల నా బట్టలకు వాసనొస్తది. స్నానం చేస్తాన్న అని లోపల్నే ఉంట. ఇంట్ల ఎవ్వరికి చెప్పలె. మీరు గూడ చెప్పరు కదా?"

"చెప్పను బిడ్డా. ఎవ్వరికీ చెప్పను" అన్నాను.

"డాడీకి?"

"డాడీకి అస్సలు చెప్ప."

ముక్కు తుడుచుకుని వెళ్లిపోయింది. క్లాసుకు పోతూ బోర్డు దగ్గర ఆగి, తన పేరును వాన కింది నుంచి తీసి మబ్బు కింద పెట్టడం నేను చూశాను.

జనవరిలో ఆ డబ్బా వచ్చిన రోజు క్లాసులో ఉన్నది నేనే. నాకూ తుమ్ములొచ్చాయి. పిల్లలు నవ్వితే నేనూ నవ్వాను. ఆయన కూడా నవ్వి, "మాఫ్ చేయుండ్రి మేడం" అని గబగబా దిగిపోయాడు. తర్వాత క్లాసులో తుమ్ములు ఎక్కువయ్యాయని నేను గమనించకపోలేదు. చలికాలం, జలుబులు అనుకున్నాను. అలా అనుకుంటే నాకు పని తక్కువ.

శుక్రవారం నేను చేయాల్సిన పని ఒక్కటే. ఆ నలుగురైదుగురిని పిలిచి మాట్లాడడం. చేయలేదు. ఎందుకంటే నాకు వాళ్ల మీద కోపం రాలేదు, ఈ పిల్ల మీద వచ్చింది. గదిలో తల ఊపుతూ విన్నదాన్నే, ఇంటికి పోయేసరికి ఉడికిపోతున్నాను. కన్నతండ్రిని చూసి సిగ్గుపడుతుందా? ఆయన చెమటతో కట్టిన ఫీజుతో ఇక్కడ కూర్చుని, ఆయననే రావద్దంటుందా? లెటర్ రాయకూడదని నిర్ణయించుకున్నాను. తండ్రి వస్తాడు, పిల్ల చేయి పట్టుకుని అందరికీ చూపిస్తుంది, సిగ్గు పోతుంది. ఇలా నా మనసులోనే పాఠం మొత్తం రాసేసుకున్నాను.

గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. నేను ఎరుగుదును, ఎరిగి కూడా అలా చేశాను.

మాది మరిపెడ దగ్గర పల్లె. మా నాన్న కూడా మిర్చి వేసేవాడు, ఆ ఎనుమాములకే తెచ్చేవాడు. నేను హనుమకొండలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నప్పుడు, బస్తాలు అమ్ముడుపోగానే నన్ను చూడడానికి వచ్చేవాడు. తువ్వాల మీద, కనురెప్పల మీద ఎర్రటి దుమ్ము ఉండేది. రెండుసార్లు వాచ్‌మన్‌తో, "ఆయన మా ఊరాయన, నేను క్లాసుల ఉన్ననని చెప్పు" అన్నాను, మా నాన్న అనలేదు. పైన కిటికీ పరదా వెనక నిలబడి ఆయన తిరిగిపోవడం చూశాను. తెచ్చిన సకినాల డబ్బా వాచ్‌మన్ చేతికి ఇచ్చి పోయాడు. మూడోసారి నుంచి రాలేదు. హాస్టల్‌కు ఫోన్ చేసి "మంచిగున్నవా బిడ్డా" అని అడిగి పెట్టేసేవాడు. ఎందుకు రావట్లేదని నేను అడగలేదు, ఎందుకు దిగి రాలేదని ఆయన అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. ఆ పిల్ల మీద నాకు వచ్చిన కోపం అసలు ఎవరి మీదిదో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఆ రోజు మాత్రం దాన్ని ధర్మం అనుకున్నాను.

శనివారం కార్యక్రమం పదిన్నరకు. తొమ్మిదిన్నర కూడా కాకముందే ఆయన వచ్చాడు. పిల్లలు కింద అసెంబ్లీలో ఉన్నారు. క్లాసులో నేనొక్కదాన్నే చార్టులు అంటిస్తున్నాను.

"నమస్తే మేడం. జర జల్ది వచ్చిన. ఇయ్యాల బస్తాల కాంటాలు లేటైతయన్నరు, నడుమల వచ్చి చూసి పోదామని" అన్నాడు. గుమ్మం అవతలే నిలబడ్డాడు.

లోపలికి రమ్మన్నాను.

"వద్దు మేడం, ఈడ్నే మంచిగున్న. మీకు తుమ్ములొస్తయి. మా బిడ్డకైతే అలవాటే. పుట్టినప్పటి సంది ఈ వాసనల్నే పెరిగింది."

నవ్వుతూ అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఒక్క మాట అడుగుత మేడం, ఏమనుకోకుండ్రి. బిడ్డ నెల రోజుల సంది నాతోని మంచిగుంటలేదు. నేను ఇంట్లకు రాంగనే బాత్రూంల దూరుతాంది. నేను తిట్టింది లేదు, కొట్టింది లేదు. వాళ్లమ్మ అడిగితే ఏం లేదంటాంది. మీకేమన్న చెప్పిందా? నాకు అదే ఫికరైతాంది."

ఇలాంటప్పుడు ఏమనాలో నాకు నేర్పారు. "మీరు తనతోనే నెమ్మదిగా మాట్లాడి చూడండి" అనాలి. ఆ వాక్యం నాలుక దాకా వచ్చింది. కానీ ఎదురుగా ఉన్న మనిషి కనురెప్పల మీద ఎర్రటి దుమ్ము ఉంది. కిటికీ పరదా వెనక నుంచి నేను చూసిన ముఖం అది.

"చెప్పింది" అన్నాను.

అది చాలు, మాట అక్కడే తప్పాను. మిగతాదంతా దానంతటదే వచ్చింది.

"మీరు స్కూలుకొస్తే దానికి సిగ్గైతాందట. మిర్చి వాసనని పిల్లలు తుమ్ముతాండ్రట. మీ బదులు వాళ్లమ్మను పంపుమని నన్ను లెటర్ రాయమన్నది. నేను రాయలేదు."

ఆ చివరి మాట ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. నేను ఆయన పక్షం అని ఆయనకు తెలియాలి. అంతటితో ఆగలేదు. "తండ్రి కష్టం పిల్లలకు తెల్వాలె కదండీ" అని కూడా అన్నాను. అంటుంటే గుండె తేలికైంది. ఎప్పటిదో బాకీ ఈ మనిషికి తీర్చేసినట్టు అనిపించింది. ఆ తేలికదనం తలుచుకుంటేనే ఇప్పుడు నాకు ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

ఆయన చొక్కా ముందు భాగం చూసుకున్నాడు. దులుపుకోబోయి, దుమ్ము లేస్తుందని గుర్తొచ్చిందేమో, చెయ్యి ఆపుకున్నాడు.

"ఔ మేడం. ఘాటుంటది గద" అన్నాడు. తర్వాత తనే, "చిన్న పిల్ల ఏం చేస్తది? పది మంది తుమ్ముతాంటే ఎవలకైన సిగ్గే అయితది" అన్నాడు.

ఆరు శనివారాలు కూర్చుని నేర్చుకున్నా నాకు తట్టని సంగతి ఆయనకు గుమ్మంలో నిలబడే తట్టింది.

వెళ్లబోతూ వెనక్కి తిరిగాడు. "నాకు చెప్పిండ్రని బిడ్డకు చెప్పకుండ్రి మేడం. పాపం, మిమ్ముల నమ్మి చెప్పుకున్నది."

దిగి వెళ్లిపోయాడు. ఇక రాడేమో అనుకున్నాను.

పదిన్నరకు తల్లిదండ్రులతో క్లాసు నిండింది. పిల్ల తన బల్ల దగ్గర నిలబడి ఉంది. నీళ్లు వడకట్టే సీసా చేసింది. ప్లాస్టిక్ బాటిల్‌ను కోసి, అందులో ఇసుక, బొగ్గు, గులకరాళ్లు వరసలుగా నింపింది. వచ్చినవాళ్లు పైనుంచి బురద నీళ్లు పోయాలి, కింద నుంచి తేట నీళ్లు వస్తాయి. మాటిమాటికి తలుపు వైపు చూస్తోంది. నేను లెటర్ రాశానని, అమ్మ వస్తుందని అనుకుంటోంది.

ఆయనే వచ్చాడు. తడి తల నున్నగా దువ్వుకుని ఉన్నాడు. ఒంటి మీద తెల్లటి కొత్త చొక్కా. అప్పుడే డబ్బాలోంచి తీసింది కావడంతో మడతలు నలుచదరాలుగా తేలి ఉన్నాయి. కాలరు కింది ప్లాస్టిక్ పట్టీ తీయడం మరిచిపోయాడు. నిమ్మసబ్బు వాసన వస్తోంది. గేటు దగ్గరి నల్లా కింద స్నానం చేసినంత పని చేశాడని తర్వాత వాచ్‌మన్ చెప్పాడు. చొక్కా, సబ్బు రోడ్డు మీద దుకాణంలో కొనుక్కున్నాడట.

పిల్ల చొక్కా వంక చూసింది. మడతలు చూసింది, తడి తల చూసింది. తర్వాత నా వైపు తిరిగి చూసింది.

ఆ చూపులో కోపం లేదు. ఉంటే నేను ఏదో ఒకటి సర్దిచెప్పుకునేదాన్ని. ఓహో, ఇలాగా అని తెలుసుకున్నట్టు చూసింది, అంతే. నేను తల దించుకుని చేతిలోని కాగితాలు సర్దుకున్నాను.

"మస్తు చెమట పట్టింది బిడ్డా, అందుకే కొత్తదేసుకున్న. మంచిగున్నదా?" అన్నాడాయన. పిల్ల తలూపింది.

అప్పుడు పక్క బల్ల దగ్గర ఒక పిల్లవాడు తుమ్మాడు. కావాలనే. ఆయన దగ్గర మిర్చి వాసన రవ్వంత కూడా లేదు, నిమ్మసబ్బు తప్ప. ఇంకో ఇద్దరు తుమ్మారు. వెనక నుంచి కిసుక్కున నవ్వులు వినబడ్డాయి.

మా వైపు పిల్లలు తుమ్మితే పెద్దవాళ్లు ఊరికే ఉండరు, దీవిస్తారు. ఎవరి పిల్ల అని చూసుకోరు, ఆలోచించరు, అలవాటుగా నోటికి వచ్చేస్తుంది. ఆయనకూ వచ్చేసింది. ఆ పిల్లవాడి వైపు తిరిగి, "చిరంజీవ, చిరంజీవ. సల్లగుండు బిడ్డా" అన్నాడు. అనేశాక అవి ఏ తుమ్ములో ఆయనకు గుర్తొచ్చినట్టుంది. ముఖంలో ఏదో మారింది. అయినా మిగతా ఇద్దరి వైపు కూడా తిరిగి అదే మాట అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి.

ఎవరితోనైనా ఏదైనా అనాల్సింది నేనే, ఆ క్లాసులో టీచర్‌ను నేను. నా నోరు పెగల్లేదు. గంట కింద అంత బాగా పెగిలిన నోరు.

"డాడీ, నీళ్లు పొయ్యి" అంది పిల్ల చిన్నగా, బురద నీళ్ల గ్లాసు ముందుకు జరిపి.

ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. "నువ్వే పొయ్యి బిడ్డా. నేను చూస్త" అన్నాడు. ఎంత కడిగినా గోళ్ల సందుల్లో ఎరుపు పోదు, మా నాన్న చేతులు చూసినదాన్ని కాబట్టి నాకు తెలుసు. పిల్ల నీళ్లు పోసింది. కింద తేటగా చుక్కలు పడ్డాయి. ఆయన వంగి ప్రతి చుక్కనూ చూశాడు. "శబాష్" అన్నాడు. పిల్లను ముట్టుకోలేదు. బల్లను కూడా ముట్టుకోలేదు.

సోమవారం పిల్ల తన పేరును ఎండ కింద పెట్టింది. మంగళవారం కూడా. ఆ తర్వాత ఒక్క రోజు కూడా అక్కణ్నుంచి కదల్లేదు.

నెలాఖరు మీటింగ్‌లో ప్రిన్సిపాల్ మేడమ్ అందరినీ ఒక్కొక్క మంచి ఉదాహరణ చెప్పమంది. నా వంతు వచ్చింది. తెర మీద బోర్డు ఫొటోలు చూపించాను. నాలుగు రోజులు వాన, తర్వాత మబ్బు, తర్వాత అంతా ఎండ. తండ్రిని కలుపుకుని సమస్య పరిష్కరించామని చెప్పాను. మాట తప్పినట్టు చెప్పలేదు, చొక్కా సంగతి చెప్పలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఈ ఉదాహరణను గల్ఫ్‌లో తాను పనిచేసిన స్కూలుకు కూడా పంపిస్తానంది మేడమ్. థాంక్యూ అని కూర్చుని సమోసా తిన్నాను. తినగలిగాను కూడా.

ఆ చప్పట్ల తర్వాతే నాకు లోపల కాలడం మొదలైంది. మర్నాడు ఆ తుమ్మే పిల్లలను పిలిచాను. అరవలేదు, అది ఎందుకు తప్పో చెప్పాను. ఐదు నిమిషాలు పట్టలేదు. అందులో ఒకడు, చెడ్డవాడేం కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు.

"కానీ మిస్, ఫస్ట్ డే మీరు గూడ నవ్విండ్రు కదా?"

"నవ్విన. అది నాదే తప్పు" అన్నాను.

ఆ రోజుతో తుమ్ములు ఆగిపోయాయి. ఐదు నిమిషాల పని. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. అదీ కాలినవి నా చేతులు కావు.

వేసవి సెలవులకు ముందు రోజు సాయంత్రం బస్సు ఆలస్యమై పిల్ల క్లాసులో ఒక్కతే కూర్చుంది. నేను బోర్డు దగ్గరికి పోయి నిలబడ్డాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. పదకొండేళ్ల పిల్ల ముందు నలభై దాటినదాన్ని, మాటలు వెతుక్కున్నాను.

"నేను మాట తప్పిన బిడ్డా. డాడీకి చెప్పిన. తప్పయింది" అన్నాను.

"తెలుసు మిస్. పర్లేదు" అంది. పెన్సిళ్లు పొడవు ప్రకారం డబ్బాలో సర్దుకుంటూ ఉంది.

"డాడీ మంచిగున్నడా?"

"మార్కెట్లనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని వస్తాండు మిస్. మంచి వాసనొస్తాంది."

"మంచిదే కదా మరి" అన్నాను. ఇలాంటి తెలివితక్కువ మాట నా నోటినుంచే రావాలి.

పిల్ల పెన్సిళ్ల డబ్బా మూసింది. "నేనే దగ్గరికి పోతాన్న మిస్ ఇప్పుడు. బాత్రూంలకు పోతలేను. నేను పోతే ఆయన రెండడుగులు ఎనకకు జరుగుతాండు. ఇంక వాసనొస్తాందా బిడ్డా అని అడుగుతాండు. వస్తలేదు డాడీ అంటే నమ్ముతలేడు."

నేను బోర్డు మీది అట్టముక్కలను ఊరికే సర్దాను.

"సీజన్ ఒడిసినంక అన్ని మంచిగైతుండె మిస్" అంది. "అప్పటిదాక ఓపిక పడదామనుకున్న. డాడీకి తెల్వకనే పోతుండె."

అప్పటికి సీజన్ అయిపోయే ఉంది. కొన్ని వారాల పని. పదకొండేళ్ల పిల్ల ఒంటరిగా వేసుకున్న లెక్క అది, తండ్రి మనసు విరగకుండా. నేను దాన్ని తండ్రి అంటే సిగ్గు అనుకున్నాను.

"మరి రోజూ ఎండ కింద ఎందుకు పెడుతున్నవ్ బిడ్డా?" అని అడిగాను. అడగడానికి నాకు హక్కు లేదని తెలిసీ అడిగాను. "నాకు చెప్పు. ఈసారి నిజంగ ఎవ్వరికి చెప్ప."

పిల్ల లేచి వచ్చింది. బస్సు హారన్ వినబడింది. బోర్డు మీద ఎండ కింద ఉన్న తన పేరు అట్టముక్కను తీసింది. నా అరచేయి తెరిచి, అందులో పెట్టింది.

"మీకు ఏడ కావాలంటే ఆడ పెట్టుకోండ్రి మిస్" అంది. మాటలో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. మర్యాదగా చెప్పి, బ్యాగు తగిలించుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.

నేను చాలాసేపు ఆ అట్టముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడ్డాను. ఏ బొమ్మ కిందా పెట్టలేకపోయాను. ఆ పిల్ల నిజంగా ఎలా ఉందో నాకు తెలియదు.